సర్వరులు నిలిచియుండుటను గూర్చి

పరీక్షాఫలితములు వెలువడు దినమున పేజీ తెఱచుకొనక, కంప్యూటరు ముందు తండ్రియు బిడ్డయు మొగమొగములు చూచుకొనుట మనలో పలువు రెఱిగినదే. ఆ యరగంట వేదనను “సర్వరు డౌనయినది” యను నొక్క మాటతో త్రోసివేయుట నాకు సమ్మతము గాదు.

తమ సేవ నూటికి 99.9 పాళ్లు నిలిచియుండునని చెప్పుకొనువారు గలరు. వినుట కింపుగనే యున్నది. ఏటికి 8,760 గంటలు గదా; అందు వేయింటి కొక పా లనగా సుమారు 8 గంటల 45 నిమిషములు. అవి యన్నియు ఫలితముల దినముననే పడినచో ఆ గొప్ప యెవరి కక్కఱకు వచ్చును?

ఒకటి చెడినను మఱియొకటి పని నందుకొనునట్లు సర్వరులను జంటగా నుంచుట యందఱెఱిగిన యుపాయము. జంట నుంచినంతనే చాలునని తలంచుట పొరపాటు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సునందలి స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ కంపెనీవారి డేటా సెంటరు కాలిపోయినపుడు, కొందఱి మూలప్రతులును నకళ్లును ఒక్క భవనమందే యుండుటచే రెండును బూడిదయయ్యెను.

గిట్‌ల్యాబు కంపెనీవారి కథ యింకను వింతయైనది. 2017 జనవరి 31వ తేదీ రాత్రి వారి ఇంజనీరొకడు రెండవ సర్వరులోని డేటాను తుడువబోయి పొరపాటున ప్రధాన సర్వరులోనిదే తుడిచివేసెను. నకలు కొఱకు వెదుకగా, దినదినము తయారగుచున్నదని నమ్మిన నకలు తయారగుటయే లేదు! ఆ సంగతిని తెలుపవలసిన మెయిళ్లును చేరలేదు. దైవికముగా ఆఱు గంటలకు ముందు తీసిన ప్రతి యొకటి దొరకుటచే తక్కినది దక్కెను. జరిగినదంతయు వారు దాచక లోకమునకు వెల్లడించిరి, అది మెచ్చదగినది.

నెట్‌ఫ్లిక్సువారు కెయాస్ మంకీ యను ప్రోగ్రామును వ్రాసిరి. పని వేళలందే అది తమ సర్వరులను ఎంచి యార్పివేయును. కోతిపేరు తగియే యున్నది. చేటు రాకమున్నే దానిని తెచ్చుకొని, సిబ్బంది మేలుకొనియుండగా చూచుకొనుట నాకు మిక్కిలి నచ్చినది. వ్యయ మధికమని కొంద ఱనవచ్చును. రెండవ సర్వరును కొనినవారికి, మొదటిదాని నొక పూట ఆర్పిచూచుటకు వ్యయమేమి?

ఫలితములు ప్రకటించువారు పరీక్షలకు ముందే యట్లు చూడవలెనని నా కోరిక. మన పాఠశాల కార్యాలయమందును హాజరు, రుసుముల లెక్కలుండు కంప్యూటరు గలదు. దాని నకలు ఏ గదిలో నున్నదో, దానిని తుదిసారి యెవరు తెఱచి చూచిరో పెద్దలు విచారింప వేడెదను.