సంప్రదింపు వేరు, సమ్మతి వేరు



ముప్పదేండ్లకు పైగా పిల్లలకు పర్యాయపదాలు, నానార్థాలు చెప్పినవాణ్ణి. ఉద్యోగ విరమణ చేసినా ఆ జబ్బు వదలలేదు. రెండు భిన్నార్థక పదాలను ఒకటిగా చలామణి చేస్తే ఎర్రసిరా కలం దానంతటదే కదులుతుంది. నేడు మా మన్యంలో 'సంప్రదింపు', 'సమ్మతి' అనే మాటలకు ఆ గతి పట్టింది.

పగలు మిగిలిన సౌరవిద్యుత్తుతో నీటిని కొండమీది జలాశయానికి ఎక్కించి, సాయంకాలం గిరాకీ వేళ కిందికి వదలి విద్యుత్తు తీయడం 'పంప్డ్ స్టోరేజి' పద్ధతి. ఎక్కించడానికి ఖర్చయినదంతా దిగేటప్పుడు తిరిగిరాదు. అయినా ప్రొద్దుగ్రుంకిన తరువాత దీపం వెలగాలంటే ఇటువంటి నిల్వ ఏదో ఒకటి ఉండవలసిందే. నేను దానికి విరోధిని కాను. 2022 డిసెంబరులో రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలి పెదకోట వద్ద 1000, రైవాడ వద్ద 600 మెగావాట్ల పథకాలకు ఆమోదం తెలిపింది. మా నర్సీపట్నానికి ఎగువన, చింతపల్లి మన్యంలో, యర్రవరం వద్ద 1200 మెగావాట్ల పథకం తలపెట్టారు. గిరిజనులు వద్దని ఆందోళనకు దిగారు. కన్యాదాతను అడగకుండ శుభలేఖలు అచ్చువేస్తే పెండ్లింట గొడవ కాక మరేమవుతుంది?

చట్టం మూగది కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలన్నది 1996 నాటి పీసా చట్టం. 2013 భూసేకరణ చట్టపు 41వ సెక్షను ఒక మెట్టు పైకెక్కి, ముందస్తు సమ్మతి కావాలన్నది. సంప్రదించినవాడు విని ఊరకుండవచ్చు. సమ్మతి కోరినవాడు 'కాదు' అన్న మాటకు తలవంచాలి. ఈ భేదం ఎనిమిదో తరగతి పిల్లవానికి బోధపడుతుంది, ఏలినవారికి బోధపడదు!

"కొండవారికి మెగావాట్ల సంగతి ఏమి తెలుసు?" అనే పెద్దలున్నారు. తెలియకపోవచ్చు. వేసవిలో ఏ ఊట ఎండదో, ఏ వాలులో కాఫీ, మిరియం నిలుస్తాయో వారికి తెలుసు. ఆ పెద్దలకు తెలియదు. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో వెలిగింది. దాని జలాశయం కింద ఊళ్ళు మునిగాయి. వెలుగు ఒకరిది, మునక మరొకరిది. ఇంధనం మారినా ఈ పంపకం మారకపోతే, పునరుత్పాదకమయ్యేది విద్యుత్తు కాదు, అన్యాయం.

2024 అక్టోబరులో రాష్ట్రం ప్రకటించిన సమీకృత శుద్ధ ఇంధన విధానం పదిలక్షల కోట్ల పెట్టుబడిని లక్ష్యంగా పెట్టుకున్నది. నేను కోరేవి మూడే. పథక నివేదిక తెలుగులో అచ్చయి, ఒప్పందానికి ముందే గ్రామసభలో చదివి వినిపించాలి. తెలుగు రానివారికి వారి భాషలోనే చెప్పాలి. రైవాడ నీటిపై ఆధారపడిన దిగువ రైతుకూ ఆ చర్చలో చోటుండాలి. ఊరు ఒప్పుకుంటే, ఏటేటా ఆదాయంలో దానికి వాటా ఉండాలి.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దండెత్తిన అల్లూరి పేరును సరిగ్గా నూరేండ్లకు జిల్లాకు పెట్టుకున్నాము. పేరు పెట్టడం సులభం. ఆ పేరు గల జిల్లాలో అడవిబిడ్డను అడగకుండ అడుగు వేయకపోవడమే కష్టం.