స్కానర్ పలకకపోతే కంప్యూటర్ పోయినట్టేనా?

మిరప కోతలు మొదలయ్యాయంటే మాచర్ల, గురజాల పల్లెల్లో పికప్ బండికి ఊపిరాడదు. కూలీలు పోవాలన్నా, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాలన్నా అదే దిక్కు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక ఈ బండ్ల నిండా సెన్సర్లే. ఒకటి తేడా చేస్తే పసుపు లైటు వెలుగుతుంది, బండి గుంజడం మానేస్తుంది. కారణం తెలియాలంటే స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలించాలి.

తగిలించినా స్కానర్ పలకకపోతే? అక్కడే మనల్ని భయపెడుతున్నారు. "కంప్యూటర్ పోయింది, పెద్ద ఖర్చు" అంటారు. ఈ సీజన్లో మన సభ్యుడొకరు ఆ మాట విని టిక్కీలు వేరే బండికి మార్చి, తన బండిని సర్వీసు సెంటర్‌కు కట్టి లాగించారు. వాళ్లు చేసిందల్లా ఒక ఫ్యూజు మార్చి, ఒక సెన్సర్ ప్లగ్గు తుడిచి పెట్టడం. రెండు కిరాయిలు, రెండు రోజులు, చెకింగ్ చార్జీ ఆయన నెత్తిన పడ్డాయి. ఏ కోడ్ వచ్చిందో బిల్లులో ఒక్క ముక్క లేదు.

అందుకని లాగించే ముందు మన ఊరి మెకానిక్‌తో ఇవి చూపించండి. తాళం ఆన్‌లో ఉందా, బ్యాటరీ నిండుగా ఉందా అన్నది మొదట. సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు రావాలి. 4, 5 ఎర్తులు. అక్కడ 12 వోల్టులు లేకపోతే ఫ్యూజే అనుమానం. చాలా బండ్లలో ఈ సాకెట్‌కూ సెల్ చార్జర్ పెట్టే సాకెట్‌కూ ఫ్యూజు ఒక్కటే. నాసిరకం చార్జరో, టైర్లకు గాలి కొట్టే పంపో పెడితే అది కాలిపోతుంది. చార్జర్ కూడా పనిచేయడం లేదంటే సగం జవాబు దొరికినట్టే.

స్కానర్ వెలిగి కూడా బండితో మాట కలవకపోతే 6, 14 పిన్నుల వైర్లు చూడాలి. కంప్యూటర్ల మధ్య కబురు నడిచేది వాటిలోనే. బ్యాటరీ టెర్మినల్ తీసేసి ఈ రెంటి మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు చూపాలి. 120 చూపితే ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరైతే రెండూ కలిసిపోయాయి. అన్ని కంపెనీల బండ్లకూ ఈ లెక్క సరిపోదు గానీ ఎక్కువ వాటికి పనికొస్తుంది. కొట్టంలో నిలిపిన బండికి ఎలుకలు చేసే చేటు మనకు కొత్త కాదు. బండి ఎక్కడుందో చూపే పరికరం ఆ సాకెట్‌కు తగిలించి ఉంటే ముందు అది పీకేయండి. టెస్ట్ లైటు మాత్రం 6, 14లో పెట్టనీయొద్దు. మీటరు సూదిని రంధ్రంలోకి బలంగా దూర్చినా పిన్ను వదులై కొత్త తంటా వస్తుంది.

ఇంతవరకు మన చేతిలో పని. ఆ పైన కంపెనీ తాళం వేసుకుంది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్ తప్పనిసరి చేశారు, ఏ షెడ్డులోనైనా కోడ్ చదవగలగాలని. కానీ కంపెనీల సొంత కోడ్లు, కొత్త భాగాన్ని బండికి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల గుప్పిట్లోనే ఉన్నాయి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకూ కఠినమైన పొగ నిబంధనలు వచ్చి ఎలక్ట్రానిక్ ఇంజిన్లు దిగాయి. మన దగ్గర చిన్న ట్రాక్టర్లే ఎక్కువ కాబట్టి ఆ సెగ ఇంకా పూర్తిగా తగల్లేదు. దమ్ము మధ్యలో ట్రాక్టర్ ఆగి, ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే మనిషి కోసం ఎదురుచూడాల్సి వస్తే మడి ఆగుతుందా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. వ్యవసాయ యంత్రాల మాన్యువళ్లు, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాల్సిందేనని. 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మోటారు వాహనాలు రెండూ అందులో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచారు. పోర్టల్‌లో సర్వీసు సెంటర్ ఫోన్ నంబర్లు పెడితే సరిపోదు. చట్టం కావాలి, తెలుగులో మాన్యువల్ కావాలి, వచ్చిన కోడ్ బిల్లు మీద రాయాలి.

పికప్‌కో ట్రాక్టర్‌కో ఇలా చెకింగ్ చార్జీ కట్టిన సభ్యులు ఆ బిల్లు జిరాక్స్ మండల కమిటీకి ఇవ్వండి. లాగిన కిరాయి, పోయిన రోజులు వెనకవైపు రాయండి. అన్నీ కలిపి నరసరావుపేటలో కలెక్టరు గారికి అర్జీతో పాటు ఇస్తాం.