సంపాదకుని మాట: ఒక పెండ్లి, రెండు కెమెరాలు

లగ్గాల కాలంలో స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్లో స్టూడియోవాళ్లకు సొంతది కానన్ ఉంటే, కిరాయికి దొరికేది నికాన్ కావచ్చు. చిక్కు లెన్సు దగ్గరే మొదలు. 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంటుకు సెన్సారు దూరం 46.5 మిల్లీమీటర్లు, 1987లో వచ్చిన కానన్ ఈఎఫ్‌కు 44. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులో అడాప్టర్ ఇరికించి నికాన్ లెన్సును కానన్‌కు తగిలించవచ్చు, మామూలు అడాప్టరైతే ఆటోఫోకస్ మీద ఆశ వదులుకోవాలి. కానన్ లెన్సు నికాన్‌కు అలా కుదరదు. జూమ్ రింగులు తిరిగేదీ ఎదురెదురే. జీలకర్ర బెల్లం వేళ చెయ్యి పాత అలవాటుకు పోతే పిల్ల ముఖానికి బదులు పందిరంతా ఫ్రేములోకొస్తుంది.

అసలు తలనొప్పి ఆల్బమ్ దగ్గర. ఒకే పసుపు రెండు కెమెరాల్లో రెండు రంగులు. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు వదలక, రా ఫైళ్లు తీస్తే కొంత నయం. రెండు కెమెరాల గడియారాలు ముందే కలపాలి, లేకుంటే కంప్యూటర్లో తలంబ్రాలు జీలకర్ర బెల్లం కంటే ముందొచ్చి కూర్చుంటాయి. (పంతులుగారు చూడకుంటే చాలు!)

ఏ కంపెనీ గొప్పదన్న పంచాయితీ ఈ సంచికలో పెట్టలేదు. నా మట్టుకు, ఒక బాడీ మొరాయిస్తే దాని లెన్సులన్నీ సంచిలో పడుండే జోడీ కంటే, ఒకే కంపెనీవి రెండు పాతవి మేలు.