మంట కనిపించింది, మాట వినిపించలేదు

2022 జూన్ 17, శుక్రవారం. చోడవరంలో జుమా నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి టీవీ తెరపై సికింద్రాబాద్ రైల్వేస్టేషను కనిపిస్తున్నది. కాలుతున్న పెట్టెలు, పట్టాలపై చెల్లాచెదరైన పార్సిళ్ళు, పరుగెత్తే యువకులు, వారి వెనుక పోలీసులు. ఆ నాలుగైదు దృశ్యాలే రాత్రి పొద్దుపోయేదాకా తిరిగి తిరిగి వచ్చాయి. పోలీసు కాల్పులలో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు మరణించాడు. పలువురు గాయపడ్డారు.

మా వీధిలో దర్జీపని చేసుకునే సోదరుడొకరు ఆ సాయంత్రం మమ్మల్ని అడిగారు: "భాయ్, పొద్దుటినుంచీ చూస్తున్నాను. ఈ పిల్లలు ఎందుకిలా చేశారో ఆ ఒక్క సంగతీ అర్థమయ్యేలా ఎవరూ చెప్పడం లేదు." ఆయన కుమారుడు రెండేళ్ళుగా ఫజ్ర్ నమాజు తర్వాత అనకాపల్లి రోడ్డున పరుగు సాధన చేస్తున్నాడు. సైన్యంలో చేరాలన్నది వాడి కోరిక.

సంగతి ఇది. జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ళ లోపు వారిని నాలుగేళ్ళకు మాత్రమే సైనిక సేవలోకి తీసుకుంటారు. జీతం మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాది 40 వేలు. అందులో 30 శాతం నిధికి జమ అవుతుంది, ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. నాలుగేళ్ళు నిండినవారికి సుమారు 11.71 లక్షల రూపాయలు అందుతాయి. గ్రాట్యుటీ లేదు, పింఛను లేదు. కొనసాగేవారు 25 శాతానికి మించరు. సైన్యం సగటు వయసును నాలుగైదేళ్ళు తగ్గించడమే ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. అది కొట్టిపారేయదగిన వాదన కాదు.

అయితే కోవిడ్ కారణంగా అప్పటికి రెండేళ్ళుగా నియామకాలు నిలిచిపోయాయి. దేహదారుఢ్య, వైద్య పరీక్షలు నెగ్గి, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవారు ఎందరో ఉన్నారు. కొత్త పథకంతో వారి నిరీక్షణ వృథా అయింది. ఈ రెండేళ్ళలోనే వయసు దాటిపోయినవారూ ఉన్నారు. బీహార్‌లో 15న ఆందోళనలు మొదలు కాగా, 16 రాత్రి ప్రభుత్వం ఆ ఒక్క ఏడాదికి గరిష్ఠ వయసును 23కు పెంచింది. అంటే యువకుల ప్రశ్నలో కొంత న్యాయమున్నదని పాలకులే అంగీకరించారన్న మాట. తెరపై మంటల నడుమ ఈ సంగతికి దక్కిన చోటు అడుగున పరుగెత్తే ఒక పంక్తి మాత్రమే.

రైలును తగలబెట్టడం తప్పు. దానిని మేము సమర్థించము. ఆ పెట్టెలలో ప్రయాణిస్తున్నవారు కూడా ఎవరో తల్లిదండ్రుల బిడ్డలే. కాని వందల మంది గుంపులో నిప్పు పెట్టినవాడికీ, నినాదమిచ్చినవాడికీ, దూరాన నిలబడి చూసినవాడికీ కలిపి ఒకే పేరు పెట్టడం కూడా అన్యాయమే. ఒకడు చేసిన పనిని వేలమందికి అంటగట్టడం ఎంత బాధ కలిగిస్తుందో మన సముదాయానికి ఒకరు చెప్పనక్కరలేదు. అనుభవించిన మనమే ఇతరుల విషయంలో ఆ పొరపాటు చేయరాదు.

మరునాడు ముందుజాగ్రత్తగా విశాఖ స్టేషనును కొన్ని గంటలపాటు మూసివేశారు. రైళ్ళను దువ్వాడలో ఆపారు. 19న సైనికాధికారులు మరొక మాట చెప్పారు: ఆందోళనలో గాని, విధ్వంసంలో గాని పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ హామీపత్రం ఇవ్వాలి, పోలీసు విచారణ లేకుండా ఎవరినీ చేర్చుకోరు. ఆ రాత్రి దర్జీ సోదరుడు కుమారుని పిలిచి, "నీ ఫోనులో అలాంటి గ్రూపులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. పిల్లవాడు మారు మాట్లాడకుండా పరుగు సాధన చేసే మిత్రుల గ్రూపునుంచి తప్పుకున్నాడు. వాడు చోడవరం దాటి వెళ్ళినవాడు కాడు. చేయని నేరానికి భయపడటం వాడు ఆ రోజే నేర్చుకున్నాడు.

ఇది మన దేశానికే పరిమితమైన వ్యవహారం కాదు. 2006లో ఫ్రాన్సు ప్రభుత్వం 26 ఏళ్ళ లోపు ఉద్యోగులను మొదటి రెండేళ్ళలో కారణం చెప్పకుండానే తొలగించవచ్చునని చట్టం తెచ్చింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, కార్మిక సంఘాలు తోడయ్యాయి. మార్చి 28 ప్రదర్శనలలో దాదాపు 30 లక్షల మంది పాల్గొన్నారని నిర్వాహకులు, 10 లక్షలకు కాస్త పైగా అని పోలీసులు లెక్క చెప్పారు. ఒకే రోజుకు రెండు లెక్కలు! ఏ పత్రిక ఏ అంకెను శీర్షికలో పెట్టిందో దానినిబట్టే పాఠకుని అభిప్రాయం ఏర్పడుతుంది. చివరకు ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆ నిబంధనను విరమించుకున్నది.

2025 నవంబరు 21 నుంచి మన దేశంలో 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. నిర్ణీత కాలానికి నియమితులైనవారికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు కల్పించడం అందులో మేలు. అదే సమయంలో, 300 మంది లోపు కార్మికులున్న సంస్థలకు తొలగింపుల విషయంలో ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరం లేకపోవడం సంఘాలకు ఆందోళన కలిగిస్తున్నది. అచ్యుతాపురం, పరవాడ కర్మాగారాలకు పనికి వెళ్ళే మన పిల్లలకు ఈ రెండూ తెలియాలి. వీటిని తెలుసుకోవడానికి ఎక్కడో ఒక బస్సు తగలబడేదాకా ఆగనక్కరలేదు.

ఎవరైనా వార్త తెచ్చినప్పుడు దాని నిజానిజాలు విచారించమని, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా హెచ్చరిస్తున్నది. ఆ ఆదేశాన్ని మనం వాట్సాప్ పుకార్లకు మాత్రమే వర్తింపజేసుకుంటున్నాము. ఇంటి నడుమ వెలుగుతున్న తెరకు కూడా అది వర్తిస్తుంది. కనుక భోజనాల వేళ అలాంటి దృశ్యం వచ్చినప్పుడు పిల్లలతో కలిసి మూడు ప్రశ్నలు వేసుకుందాము. వీరు అడుగుతున్నదేమిటి? వారి నోటినుంచి ఒక్క మాటైనా మనకు వినిపించారా? ప్రభుత్వం ఇచ్చిన సమాధానమేమిటి?

దర్జీ సోదరుని కుమారుడు ఆ తర్వాత పరుగు మానేశాడు. ఇప్పుడు అచ్యుతాపురంలో షిఫ్టు పనికి వెళ్తున్నాడు. ఎన్నాళ్ళ ఒప్పందమో అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ ఒప్పందపు కాగితాన్ని వాడితో కలిసి కూర్చొని చదువుదామని వచ్చే ఆదివారం రమ్మన్నాము.