కోసేది పొట్ట, మానేది బీడీ!

ప్రశ్న: మా వారికి 48 ఏళ్ళు. పిత్తాశయంలో రాళ్ళకు వచ్చే నెల ఆపరేషన్ అన్నారు. ఈలోగా బీడీలు మానాలట. పొట్టకూ ఊపిరితిత్తులకూ ఏం సంబంధం?
– ఒక సోదరి, శాలిబండ

జవాబు: సంబంధం ఉందమ్మా. మత్తులో ఉన్న రోగి ఊపిరిని కనిపెట్టి ఉండాలని 1889లోనే మన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ నొక్కి చెప్పింది. మత్తు దిగాక కూడా ఆ ఊపిరే ముఖ్యం.

శ్వాసనాళాల లోపల నూగులాంటి శైలికలుంటాయి. కఫాన్ని పైకి నెట్టడం వాటి పని. పొగ వాటిని చచ్చుబరుస్తుంది. పైపొట్ట మీద కోత పడ్డాక నొప్పికి జడిసి రోగి గట్టిగా దగ్గడు, నిండా ఊపిరి తీయడు. కఫం నిలిచిపోయి ఊపిరితిత్తిలో కొంత భాగం ముడుచుకుపోవచ్చు, న్యుమోనియా రావచ్చు. లాపరోస్కోపీలో ఈ బెడద తక్కువే గాని, లేకపోలేదు.

ఒక్క రోజు మానినా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. శైలికలు కోలుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. సుమారు 4 వారాల ముందు మానితే ఉపద్రవాలు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపింది. హఠాత్తుగా మానితే కఫం పెరిగి ముప్పు వస్తుందన్న పాత భయానికి రుజువు లేదు. హుక్కాకూ మినహాయింపు లేదు సుమా!

రోజుకు ఎన్ని కట్టలో మత్తు ఇచ్చే డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. పరామర్శకు వచ్చిన బంధువులు చాయ్ వంకతో ఆయన్ను బయటికి తీసుకెళ్ళకుండా కాస్త చూసుకోండి.