డబ్బు పెట్టాల్సింది బాడీకా... లెన్సుకా?

ఇంట్లో ఎవరికైనా ఫొటోల పిచ్చి ఉంటే ఈ వాదన మీరూ వినే ఉంటారు. ‘కెమెరా పాతబడిపోయింది, కొత్తది కొనేద్దాం’ అంటారొకరు. ‘కెమెరాకేం, బాగానే ఉంది. మంచి లెన్సు ఒకటి తీసుకుంటే చాలు’ అంటారు ఇంకొకరు. పుట్టినరోజు ఫొటోలు తీసుకునేవారికి ఏది కొన్నా పెద్ద తేడా ఉండదు. ఆటల ఫొటోలు తీసేవారికి మాత్రం ఇది తేల్చుకోవాల్సిన లెక్కే. రెండూ కొనే స్తోమత అందరికీ ఉండదు కదా!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ లెక్క మరీ అవసరం. ఎందుకంటే ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన ఆట వెయిట్‌లిఫ్టింగ్. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం అందుకుంది. వారి బాటలో ఇప్పటికీ ఎందరో పిల్లలు బరువులెత్తుతున్నారు. ఆ పోటీలు జరిగేది ఎక్కువగా నాలుగు గోడల మధ్య, ట్యూబులైట్ల కింద. కెమెరాకి అసలు పరీక్ష అక్కడే!

వెలుతురు లెక్క

ఏ ఫొటోకైనా కావాల్సింది వెలుతురు. దాన్ని లోపలికి తెచ్చేది లెన్సు. వచ్చినదాన్ని పట్టుకునేది బాడీ. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్సుని చివరిదాకా లాగితే దాని అపర్చర్ సాధారణంగా ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అదే ఎఫ్ 2.8 లెన్సయితే దానికి నాలుగు రెట్ల వెలుతురు తెస్తుంది. ఎఫ్ 1.8 అయితే దాదాపు పది రెట్లు. ఈ అంకె ఎంత తగ్గితే కిటికీ అంత పెద్దదన్నమాట.

దీన్ని ఆటకి అన్వయించి చూద్దాం. హాల్లో ఐఎస్‌ఓ 3200 పెట్టినా, ఎఫ్ 5.6 లెన్సుతో షట్టర్ వేగం సెకనులో 125వ వంతుకి మించడం లేదనుకోండి. బార్ పైకి లేచేటప్పుడు ఆ వేగం చాలదు. చేతులూ, పళ్లేలూ అలికేసినట్టు వస్తాయి. అదే ఐఎస్‌ఓతో ఎఫ్ 2.8 పెడితే 500వ వంతు, ఎఫ్ 1.8 పెడితే వెయ్యో వంతు దాటి దొరుకుతుంది. కదలిక అక్కడే ఆగిపోతుంది. లెన్సు మార్చకుండా కొత్త బాడీతోనే ఆ వేగం కావాలంటే ఐఎస్‌ఓని 30 వేలు దాటించాలి. ఎంత కొత్త కెమెరా అయినా ఆ అంకె దగ్గర ఫొటోలో ఇసక చల్లినట్టు చుక్కలు కనిపించక తప్పదు.

పైగా మన ఆటకో వెసులుబాటుంది. లిఫ్టర్ నిలబడే వేదిక నాలుగు మీటర్లకి నాలుగు మీటర్లు. ఎక్కడికీ పరుగెత్తరు. కాబట్టి భుజాన మోసే పెద్ద లెన్సు అక్కర్లేదు. దగ్గర్లో చోటు దొరికితే 85 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు చాలు. 50 మి.మీ. ఎఫ్ 1.8 అయితే ఇంకా చవక. ఏ కంపెనీ సరుకులో చూసినా తక్కువ ధర లెన్సుల్లో అదీ ఒకటి.

ఆరుబయట అయితే?

విజయనగరంలోని డాక్టర్ పీవీజీ రాజు మైదానంలో పగటిపూట క్రికెట్ అనుకోండి. ఎండ కావలసినంత. ఎఫ్ 5.6 లెన్సయినా పనికొస్తుంది. కష్టమల్లా దూరమే. బౌండరీ అవతల నుంచి పిచ్ మీది బ్యాట్స్‌మన్ ఫొటోలో నిండుగా కనిపించాలంటే 300, 400 మి.మీ. లెన్సు కావాలి. చిన్న సెన్సర్ ఉన్న మామూలు కెమెరాకి ఇక్కడ లాభమే. నికాన్‌లో ఒకటిన్నర రెట్లు, కేనన్‌లో 1.6 రెట్లు దగ్గరగా చూపిస్తుంది. ఖరీదైన పెద్ద సెన్సర్ బాడీకి మారితే ఆ దగ్గరితనం పోతుంది. ఈ సంగతి కొన్నాక తెలిస్తే బాధే!

రాత్రి లైట్ల కింద కబడ్డీ అయితే రెండు చిక్కులూ ఉంటాయి. ఆటగాళ్లు అటూ ఇటూ కదులుతారు, వెలుతురూ తక్కువే. 70-200 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సు వాడేది ఇలాంటి చోటే. అది ఎందుకంత బరువు, ఎందుకంత ఖరీదు అంటారా? 200ని 2.8తో భాగించండి. దాదాపు 71 మి.మీ. అంత వెడల్పున అద్దాలు ఉండాలి మరి.

వంద ఫొటోలే జవాబు

దుకాణానికి వెళ్లేముందు మీరు ఈమధ్య తీసిన వంద ఫొటోలు ముందేసుకోండి. పాడైనవాటిని వేరుచేయండి. వేదికా, వెనక బ్యానరూ స్పష్టంగా ఉండి కదిలే చేతులే చెదిరితే వెలుతురు చాల్లేదని అర్థం. కావాల్సింది లెన్సు. మనిషి చీమంత కనిపిస్తే అప్పుడూ లెన్సే. మనిషి మసకగా ఉండి వెనక గోడ మాత్రం స్పష్టంగా వస్తే ఫోకస్ తప్పినట్టు. వెలుతురు బాగున్నా, సెట్టింగులు సరిచేసుకున్నా అదే జరుగుతుంటే బాడీ మార్చాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు మనిషి కంటిని గుర్తుపట్టి వెంటాడుతాయి. నాలుగు ఫొటోలు తీశాక కెమెరా ఆగిపోయి ఆలోచిస్తున్నా బాడీదే లోపం.

ఇంకో మాట. బాడీలు నాలుగైదేళ్లకే పాతబడతాయి. మంచి లెన్సు రెండు మూడు బాడీలకి తోడుంటుంది. కేనన్, నికాన్‌లు 2018లో మిర్రర్‌లెస్‌కి కొత్త మౌంట్లు తెచ్చినా, పాత లెన్సుల్ని అడాప్టర్‌తో వాడుకోవచ్చు. అయితే లోపల మోటారు లేని పాత నికాన్ లెన్సులు కంపెనీ అడాప్టర్‌తో ఆటోఫోకస్ చేయవు. చూసి కొనండి.

సెకండ్ హ్యాండ్ లెన్సు తీసుకుంటే సెల్‌ఫోన్ టార్చి ఒకవైపు నుంచి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది బూజు. మన తీరప్రాంతపు చెమ్మకి అది ఇట్టే పడుతుంది. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోవద్దు. ఖరీదైనది కొనేముందు ఒకరోజు అద్దెకి తెచ్చుకుని వాడి చూడటం ఇంకా మేలు.

ఇంత లెక్కా ఎందుకంటారా? పోటీలో లిఫ్టర్‌కి స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు, మొత్తం ఆరే అవకాశాలు. ఒక్కోటీ కొన్ని సెకన్లే. పొలం పనికి వెళ్లి రాలేకపోయిన అమ్మానాన్నలకి ఆ గెలుపు కనిపించేది ఫొటోలోనే. అందులో కూతురి మొహం స్పష్టంగా ఉండాలి. మెడలో వేలాడే కెమెరా కొత్తదా పాతదా అన్నది వాళ్లెవరూ అడగరు.