మానిపోయే పుండు, మానని నమ్మకం

నోరు పూసిందని ఎవరైనా అనగానే తెలుగు ఇంట్లో వినిపించే మొదటి మాట 'వేడి చేసింది' అని. వెంటనే విచారణ మొదలవుతుంది. మొన్న మామిడిపండ్లు తిన్నావా, నిన్న కోడికూర తిన్నావా, రాత్రి మేలుకున్నావా? ఏదో ఒకదానికి అవుననే జవాబు వస్తుంది, కారణం దొరికిందనుకుంటారు. ఇక మజ్జిగ, సబ్జా నీళ్లు, కొబ్బరిబొండం, పుండు మీద రాయడానికి నెయ్యో తేనో, నమలడానికి జామ చిగుళ్లు. వారం పది రోజులు తిరిగేసరికి పుండు మానుతుంది. రోగం ఫలానా అన్నదీ, మందు ఫలానా అన్నదీ రెండూ రుజువైపోయాయని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. నిజానికి రెండింటిలో ఒక్కటీ రుజువు కాలేదు. పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక కింద గుండ్రంగా, తెల్లని లేదా పసుపు పొరతో, చుట్టూ ఎర్రని అంచుతో వచ్చే ఈ పుండు చాలామందిలో 10 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఏ మందూ వేయకపోయినా 7 నుంచి 14 రోజుల్లో, మచ్చ కూడా మిగలకుండా మానిపోతుంది. నొప్పి బాగా వేధించేది తొలి రోజుల్లోనే, మనిషి మందు వెతుక్కునేదీ అప్పుడే. బాధ ముదిరినప్పుడు మొదలుపెట్టిన చిట్కాకు, ఆ తర్వాత ఎలాగూ తగ్గబోయే బాధ తాలూకు పేరు దక్కుతుంది. తనంతట తాను మానే జబ్బుకు ఏ వైద్యం చేసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. ఒకదానితో ఒకటి పొసగని ఇన్ని చిట్కాలు తరతరాలుగా నిలబడింది ఇందువల్లే.

వేడి సిద్ధాంతాన్నే ముందు పరీక్షకు పెడదాం. ఒంట్లో వేడి పెరిగితే థర్మామీటరుకు అందాలి. మామూలు నోటిపూతలో జ్వరం ఉండదు, ఒళ్లు ఎప్పటిలాగే 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. తాము చెప్పేది ఆ వేడి కాదని, పదార్థాల గుణమని, ఉష్ణవీర్యం వల్ల పిత్తం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చదివినవారు అంటారు. అలాగే తీసుకుందాం. అటువంటి గుణం ఉంటే, ఆ పదార్థం తిన్నవారిలో పుండ్లు ఎక్కువగా, తిననివారిలో తక్కువగా రావాలి. వేసవిలో ఊరంతా కొత్తావకాయ కలుపుకుంటుంది, ఊరంతా మామిడిపండ్లు తింటుంది. నోరు పూసేది మాత్రం కొందరికే, అదీ ఏడాది పొడుగునా మాటిమాటికీ పూసేవారికే. వారికి సంక్రాంతి చలిలోనూ పూస్తుంది, అప్పుడు నేరం నువ్వులుండల మీద పడుతుంది. ఏ కాలంలో వచ్చినా నిందించడానికి ఒక పదార్థం సిద్ధంగా ఉంటే, ఆ సిద్ధాంతం ఎప్పుడు తప్పని తేలుతుందో చెప్పడం ఎవరితరమూ కాదు. తప్పని తేలే వీలే లేని మాటను ఒప్పని తేల్చే వీలూ లేదు. పైగా మామిడి తిన్నా నోరు పూయని రోజులను ఎవరూ లెక్కపెట్టరు, పూసిన రోజే మనసులో నిలుస్తుంది. కారం, పులుపు పుండును మండిస్తాయన్నది నిజమే. మండించడం వేరు, పుట్టించడం వేరు.

మరి పుట్టించేది ఏమిటి? ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరిని ఎప్పుడో ఒకప్పుడు పట్టి పీడించే ఈ జబ్బుకు ఒకే కారణం లేదు. ఇది అంటువ్యాధి కాదు. రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు నోటి లోపలి సున్నితమైన పొర మీదనే దాడికి దిగడం వల్ల పుండు పడుతుందని ఇప్పటికి తెలిసిన సంగతి. ఆ దాడికి తావిచ్చే పరిస్థితులు అనేకం. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. పళ్ల మధ్య బుగ్గ నలిగినా, బ్రష్షు గీసుకున్నా, పళ్లకు వేసిన క్లిప్పు ఒరుసుకున్నా ఆ చోటే పుండు లేస్తుంది. పరీక్షల రోజుల్లో, మనసు కుదుట లేనప్పుడు కొందరికి తిరగబెడుతుంది. రాత్రి మేలుకుంటే నోరు పూస్తుందన్న పెద్దల మాటలో ఆ మేరకు సరైన పరిశీలన ఉంది, దానికి చెప్పిన కారణమే పొరపాటు. సిగరెట్టు మానిన కొత్తలో కొందరికి పుండ్లు వస్తాయి. పొగవల్ల మందబారిన పొర మళ్లీ పలచబడటం దానికి కారణం కావచ్చునని వైద్యులు అనుకుంటారు. అది చూసి, మానడం పడలేదని మళ్లీ సిగరెట్టు ముట్టించడం ఎంత పెద్ద అనర్థమో వేరే చెప్పాలా? అన్నిటికంటే మన దేశంలో పట్టించుకోవలసినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 లోపాలు. అరుదుగా సీలియాక్, క్రోన్స్ వంటి పేగు జబ్బులకు, 1937లో టర్కీ వైద్యుడు హులూసీ బెహ్‌చెత్ వివరించిన వ్యాధికి కూడా నోటిపూతే తొలి గుర్తు కావచ్చు.

ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే అది తీసుకున్నవారితో పాటు తీసుకోనివారినీ చూడాలి. 2009లో ప్రచురితమైన ఒక ఇజ్రాయెల్ పరిశోధనలో తరచూ నోరు పూసే 58 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ 1000 మైక్రోగ్రాముల బి12 మాత్ర, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర, ఆరు నెలల పాటు ఇచ్చారు. చివరి నెలలో అసలు పుండ్లే లేనివారు మొదటి జట్టులో 74 శాతం. బి12కు ఇది మంచి ఫలితమే, జట్లు చిన్నవి కాబట్టి మరిన్ని పరీక్షలు అవసరమే అయినా. కానీ మన చర్చకు అంతకంటే ముఖ్యమైనది రెండో జట్టు. అందులోనూ 32 శాతం మందికి పుండ్లు రాలేదు. ఏ మందూ లేకుండానే ప్రతి ముగ్గురిలో ఒకరు బాగుపడ్డారన్నమాట. వారికి ఉత్తుత్తి మాత్ర బదులు జామ చిగుళ్లు ఇచ్చి ఉంటే, ఆ ఖ్యాతి జామచెట్టుకు దక్కేది. ఈ కొలబద్ద ఇంటి చిట్కాలకే కాదు, మందుల షాపు చిట్కాలకూ వర్తించాలి. నోరు పూయగానే షాపువాడు అందించే బి-కాంప్లెక్స్ గొట్టం నేటి సబ్జా గింజ. 2012లో అమెరికాలో 160 మంది మీద ఏడాది పాటు జరిపిన పరీక్షలో రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నవారికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి మధ్య తేడా కనిపించలేదు. రక్తపరీక్షలో లోపం తేలితే ఆ లోపాన్ని పూడ్చాలి. లోపం ఉందో లేదో చూడకుండా, పదిరకాల విటమిన్లు కలిపి మింగితే చాలునన్నది కూడా నమ్మకమే, ఇంగ్లీషు మందు రూపంలో ఉన్నంత మాత్రాన అది శాస్త్రం కాదు.

తరతరాల అనుభవాన్ని కొట్టిపారేస్తారా అని అడిగేవారుంటారు. అనుభవాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, దాన్ని అక్కడే ఆపకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇందుకు గొప్ప ఉదాహరణ. పేగులను పాడుచేసి నోటిని, నాలుకను పుండుగా మార్చే స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ని బలితీసుకుంది, ఆయననూ పీడించింది. ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్రకారులు రాశారు. కోలుకున్న మనిషి ఆ వైద్యం గొప్పదని చాటుకుంటూ కూర్చోవచ్చు. ఆయన మాత్రం ఆ జబ్బు లోతేమిటో, దాన్ని తగ్గించే పదార్థమేమిటో వెతుక్కుంటూ అమెరికా వెళ్లారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ ఊరూరా గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది అదే.

ఇంకొక అభ్యంతరం ఉంది. మజ్జిగ వల్ల, కొబ్బరినీళ్ల వల్ల ఎవరికేం నష్టం? ఏమీ లేదు. చల్లని మజ్జిగ నొప్పిని కాసేపు మాన్పుతుంది, నెయ్యి పుండు మీద పొరలా నిలిచి మంట తగ్గిస్తుంది, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే నోరు శుభ్రంగా ఉంటుంది. బాధ ఓర్వలేకపోతే డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ పేస్టు తొలి రోజుల్లోనే రాస్తే ఇంకా మేలు. నష్టం ఆ పానీయాల్లో లేదు, వాటి వెనకున్న సిద్ధాంతంలో ఉంది. వేడి పేరు చెప్పి ముందు మాన్పించేవి ఏమిటి? గుడ్డు, మాంసం, నువ్వులు, బెల్లం. బి12 దొరికేది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే, ఒంటికి తేలిగ్గా పట్టే ఇనుము దొరికేది మాంసంలోనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం లేక నోరు పూసిన ఆడపిల్ల పళ్లెంలోంచి గుడ్డు తీసేయడమంటే జబ్బుకు మేత వేయడమే. పసిపిల్లల విషయంలో నష్టం మరీ ఘోరం. నోట్లో తెల్లపూత వస్తే తేనెలో వెలిగారం కలిపి నాకించే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. పసివాళ్లకు ఈ రెండూ కలిపి ఇవ్వడం వల్ల ఫిట్స్ వచ్చిన కేసులను 1983లో బ్రిటన్ వైద్యులు నమోదు చేశారు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఒక్కటే నాకించినా బొట్యులిజం అనే విషప్రమాదం పొంచి ఉంటుంది.

ఇక క్యాన్సర్. మామూలు పుండు నొప్పి పెడుతుంది, రెండు వారాల్లో మానుతుంది. క్యాన్సర్ పుండు తొలి దశలో చాలాసార్లు నొప్పే పెట్టదు, మానదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీల అంగిలిలో పుట్టే పుండ్లు, క్యాన్సర్లు వైద్య గ్రంథాలకెక్కి దశాబ్దాలైంది. గుట్కా, వక్క నమిలేవారికి కారం సోకితే నోరు మండటం, క్రమంగా నోరు సరిగా తెరుచుకోకపోవడం క్యాన్సర్‌కు దారితీయగల మరో జబ్బుకు గుర్తులు. ఇవన్నీ ఇళ్లలో వేడి కిందే జమ అయి, నెలలు గడిచాక ఆసుపత్రికి చేరుతున్నాయి. మూడు వారాలు దాటినా మానని పుండును, గట్టిపడిన అంచును, మెడలో తగిలే గడ్డను పళ్ల డాక్టరుకు చూపించాలి. మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే అది ఏమిటో కొద్ది రోజుల్లో తేలుతుంది. తొలి దశలో బయటపడిన నోటి క్యాన్సర్‌ను నయం చేయవచ్చు.